కాగితం ముట్టని నెవెనా

స్లీవొవో ఊళ్ళోకి వచ్చే దారిలో చర్చి మలుపు తిరగగానే గెంచో పాత తెల్ల కారు కనబడితే చాలు, నెవెనాకి కడుపులో మంట మొదలవుతుంది. డాక్టరు అది గ్యాసని చెప్పి మాత్రలు రాసిచ్చాడు. మాత్రలకి తగ్గే మంట కాదని ఆమెకి తెలుసు. గెంచో ఊళ్ళోకి వచ్చాడంటే ఎవరింట్లోనో కూర్చుని తాపీగా కాఫీ తాగుతున్నాడని, ఆ ఇల్లు ఇక తన చేతికి రాదని లెక్క.

నెవెనా ఇళ్ళ బ్రోకరు. త్రియావ్నా పట్నంలోనూ చుట్టూ కొండల మీదున్న పల్లెల్లోనూ ఇళ్ళు అమ్మిపెడుతుంది. వయసు నలభై ఏడు. ఆమెకి ఆఫీసు లేదు. బల్ల, బీరువా, ప్రింటరు ఏవీ లేవు. ఉన్నదల్లా ఒక చిన్న నీలం కారు, అందులో అద్దం దగ్గర బిగించిన ఫోను, పక్క సీట్లో టాబ్లెట్, వెనక సీట్లో దిండు మీద పసిబిడ్డలా పడుకోబెట్టిన డ్రోను. ఇళ్ళ ఫోటోలు, కొలతలు, స్థలం పటాలు, పాత దస్తావేజులు, కొనేవాళ్ళ పాస్‌పోర్టులు అన్నీ ఫోనులోనే ఉంటాయి. కొండ మీద ఆపిల్ చెట్టు కింద కారు ఆపుకుని, ఒక చేత్తో రొట్టెముక్క తింటూ, ఇంకో చేత్తో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నవాడి చేత ఒప్పందం మీద వేలితో సంతకం పెట్టించుకోగల మనిషి. "నా కారులో కాగితమంటూ కనబడితే అది పార్కింగ్ జరిమానా అయ్యుంటుంది" అని కొత్తవాళ్ళకి చెప్పి తనే ముందు నవ్వుతుంది. నోటరీ దగ్గర మాత్రం ఇంకా పెన్ను పట్టక తప్పదు. ఆ రోజు ఆమె మొహం చూస్తే ఎవరో బలవంతంగా గిన్నెలు తోమిస్తున్నారనుకోవాలి.

ఆమెకి ఈ పని నేర్పింది గెంచోయే. బట్టల మిల్లు మూతపడి, చేసే పని లేక, ముప్ఫై రెండేళ్ళ వయసులో ఆయన ఆఫీసులో టైపు కొట్టడానికి చేరింది. తొమ్మిదేళ్ళు అక్కడే ఉంది. ఆ ఆఫీసంటే ఒక గది, ఒక ఇనప బీరువా, బీరువాలో ఊరి పేరు రాసిన అట్టలు, గోడకి మేకులు, మేకులకి తాళంచెవులు. తలుపు దగ్గర రెండు కుర్చీలు. ఊళ్ళవాళ్ళు బజారుకొచ్చి, కూరగాయల సంచులు పక్కన పెట్టుకుని, ఆ కుర్చీల్లో కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి గంటలు గంటలు చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ఇల్లు అమ్మే మాటే వచ్చేది కాదు. నెవెనాకి ఒళ్ళు మండిపోయేది.

"బాబాయ్, ఈ గది అద్దె దండగ. మూసేద్దాం. అంతా ఫోనులో పెడదాం" అని ఒకరోజు తెగించి చెప్పింది.

"పెట్టొచ్చు గానీ అమ్మాయ్, వచ్చినవాడు ఎక్కడ కూర్చుంటాడు?" అన్నాడు గెంచో.

ఆ ప్రశ్నకి ఆమెకి కోపం వచ్చింది, ఆ కోపంలోనే విడిపోయి సొంతంగా పెట్టుకుంది. వెబ్‌సైటు తనది, కంప్యూటరు తనది, తీసుకెళ్తానంది. "తీసుకెళ్ళమ్మా" అని ఆయనే ఆ కంప్యూటరు తెర మోసుకొచ్చి కారులో పెట్టాడు. తగాదా పడాల్సినచోట సామాను మోసిపెట్టిన మనిషిని ఎలా క్షమించగలదు? ఆరేళ్ళయింది. ఇప్పటికీ క్షమించలేదు.

ఇప్పుడు ఆమె పేజీని పన్నెండు వేలమంది చూస్తున్నారు. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, రాజధాని సోఫియా నుంచి పారిపోయి కొండల్లో తేనెటీగలు పెంచుకుందామనుకునే కంప్యూటరు కుర్రాళ్ళు రోజూ సందేశాలు పెడతారు. కొనేవాళ్ళకి కొదవలేదు. కానీ అమ్మాల్సిన ఇళ్ళు! వాకిట్లో ద్రాక్షపందిరి, చెక్క వసారా, రాతి పలకల కప్పు ఉన్న మంచి ఇళ్ళన్నీ ఎవరి చేతికి వెళ్తాయి? గెంచో చేతికి. బొత్తాల ఫోను వాడే, ఈమెయిలు అంటే ఏమిటో తెలియని, ఎప్పుడూ ఒక రెక్సిను సంచి చంకలో పెట్టుకు తిరిగే అరవై మూడేళ్ళ గెంచో చేతికి. ఆ ఇళ్ళ వారసులు ఒకరు జర్మనీలో, ఒకరు స్పెయిన్‌లో, ఒకరు చికాగోలో ఉంటారు. వాళ్ళకి ఆయన వీడియో పంపడు, పటం పంపడు. అయినా తాళంచెవి ఆయనకే ఇస్తారు.

ఇందులో ఏదో మర్మం ఉందని నెవెనా అనుమానం. కమీషను తక్కువ తీసుకుంటున్నాడేమోనని వాకబు చేసింది. కాదు, తనకంటే అరశాతం ఎక్కువే. గ్రామ పెద్దకి తాగబోస్తున్నాడేమో అనుకుంది. గెంచో తాగడం మానేసి పదేళ్ళయింది. చివరికి సిగ్గు విడిచి, తన స్నేహితురాలి చేత ఆయనకి ఫోను చేయించింది, "మా తాత ఇల్లు అమ్మాలి" అని. "ఏ ఊరు తల్లీ? ఎవరి మనవరాలివి?" అని రెండే రెండు ప్రశ్నలడిగి, అలాంటి తాత ఆ ఊళ్ళో లేడని తేల్చేసి, "నెవెనా బాగుందా?" అని అడిగి పెట్టేశాడు. ఆ రాత్రి నెవెనా అన్నం సహించక గ్లాసుడు మజ్జిగ తాగి పడుకుంది.

ఇలా ఉండగా స్లీవొవోలో దోనా అవ్వ ఇల్లు అమ్మకానికొచ్చింది.

దోనా అవ్వ నవంబరులో పోయింది. ఒక్కతే కూతురు, స్వెత్లా. పద్దెనిమిదేళ్ళుగా స్పెయిన్‌లో వలెన్సియాలో ముసలివాళ్ళకి సేవ చేస్తూ బతుకుతోంది. ఇల్లు చూస్తే కళ్ళు చెదురుతాయి. కింద రాయి, పైన చెక్క, ఆకుపచ్చ తలుపు, పెరట్లో మూడు సీమదానిమ్మ చెట్లు. నెవెనా దగ్గర ఒక డచ్చి జంట ఏడాదిగా అచ్చం అలాంటి ఇంటికోసమే కాచుకుని ఉన్నారు. స్వెత్లా ఇద్దరు బ్రోకర్లకీ ఇల్లు చూపించుకోమంది. అంతే కాదు, ఒక మాట చెప్పింది.

"మా అమ్మ పోయి సోమవారంతో ఆరు నెలలు నిండుతాయి. అది అయ్యాక ఇల్లు ఎవరో ఒక్కరికే అప్పగిస్తాను. మీరా, గెంచో బాబాయా అన్నది అప్పుడు చెప్తాను."

మీరు అని తనని, బాబాయ్ అని ఆయన్ని! ఆ మాట దగ్గరే నెవెనాకి సగం ప్రాణం పోయింది. ఆమెకి కావలసింది కమీషను కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరో ఒక వారసురాలు గెంచోని పక్కన పెట్టి "నెవెనా, నువ్వే చూసుకో" అనాలి. ఆ మాట వినబడితే చాలు, ఆ కడుపు మంట చల్లారిపోతుందని ఆమె నమ్మకం.

అందుకని శనివారం పొద్దున్నే వెళ్ళి వీడియో తీసింది. డ్రోను ఎగరేసింది. గదిగదీ తిరిగి కొలిచింది. ఆదివారమంతా కూర్చుని సాఫుచేసింది. పక్కింటివాళ్ళు దండెం మీద ఆరేసిన దుప్పట్లు చెరిపేసింది. కప్పు మీది టీవీ డిష్ చెరిపేసింది. గోడెక్కిన పిల్లిని ఉంచింది, డచ్చివాళ్ళకి పిల్లులిష్టమని. తలుపు మీద మాత్రం దోనా అవ్వ శ్రద్ధాంజలి కాగితం ఉంది. ఫోటో, పేరు, నల్లటి అంచు, "నువ్వు లేక నలభై రోజులు" అన్న అక్షరాలు. ఆ దేశంలో ఇంటి తలుపుకి, బస్టాపుకి, కరెంటు స్తంభానికి అలాంటివి ఉంటూనే ఉంటాయి. నలభై రోజులకొకటి, ఆరు నెలలకొకటి, ఏడాదికొకటి, తరవాత ఏటేటా అంటిస్తారు. తలుపు మీద చచ్చిపోయినవాళ్ళ మొహం చూస్తే బయటి దేశంవాళ్ళు బెదురుతారని నెవెనాకి అనుభవమే. టాబ్లెట్ తెర మీద వేలితో రెండుసార్లు రుద్దింది. కాగితం పోయింది. తలుపు కొత్తగా రంగేసినట్టు పచ్చగా మిగిలింది. తన పనితనానికి తనే మురిసిపోయి, వీడియో పేజీలో పెట్టి, స్వెత్లాకి కూడా పంపింది.

స్వెత్లా చూసింది. చూసినట్టు నీలం గుర్తు పడింది. జవాబు మాత్రం రాలేదు.

సోమవారం ఉదయం పది గంటలకి, ఆ జవాబు రాకపోవడం తట్టుకోలేక, నెవెనా కారేసుకుని స్లీవొవో వచ్చింది. చర్చి మలుపు తిరిగింది. తెల్ల కారు కనబడింది. మంట మొదలైంది.

ముందు కొట్టు దగ్గర ఆగింది. ఇంటి తాళంచెవి కొట్టు నడిపే వెలీకా దగ్గర ఉంటుంది.

"ఏమ్మా, మళ్ళీ ఆ గాల్లో ఈగని ఎగరేస్తావా?" అంది వెలీకా, గల్లాపెట్టె వెనక నుంచి. "మొన్న నువ్వు వెళ్ళాక నా కోళ్ళు రెండ్రోజులు గుడ్లు పెట్టలేదు."

"కోళ్ళ సంగతి తరవాత. తాళం ఇలా ఇయ్యి వెలీకా."

"తాళం గెంచో పట్టుకెళ్ళాడుగా."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, ఇవాళేం రోజు?" అని వెలీకా పొయ్యి మీది గిన్నెలో ఏదో కలపడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఇవాళేం రోజు! స్వెత్లా ఇల్లెవరికో చెప్పే రోజు. నెవెనాకి ఆ ఒక్క అర్థమే తోచింది. అంటే చెప్పేసిందన్నమాట. గెంచోకే ఇచ్చేసిందన్నమాట. తనకి ఒక మాట కూడా పంపకుండా! అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టు గడప దాటడం, కారెక్కడం, దోనా అవ్వ ఇంటి ఎదురుగా వీధికి అవతల ఆపడం, అన్నీ ఒక్క ఊపులో అయిపోయాయి.

కారులోంచి చూస్తే గెంచో వీపు కనబడింది. తలుపు ముందు నిలబడి ఉన్నాడు. రెక్సిను సంచి కాళ్ళ దగ్గర ఉంది. నోట్లో టేపు ముక్క, చేతిలో తెల్ల కాగితం. ఒంగి, ఆ కాగితాన్ని తలుపుకి ఆనించి, అరచేత్తో నున్నగా రాస్తున్నాడు. గెంచో ఇళ్ళ గేట్లకి "అమ్మబడును" కాగితాలు అంటించడం నెవెనా తొమ్మిదేళ్ళు కళ్ళారా చూసింది. అచ్చం ఇలాగే ఒంగుతాడు, ఇలాగే రాస్తాడు.

ఫోనెత్తి ఫోటో తీసింది. వీపు, సంచి, తెల్ల కాగితం మూల. స్వెత్లాకి పంపింది. కింద గొంతు కూడా రికార్డు చేసి పంపింది. ఆలోచించి మాట్లాడిన మాటలు కావవి.

"స్వెత్లా గారూ, చూడండి, మీ కళ్ళతో మీరే చూడండి. మీరింకా ఏమీ చెప్పకముందే ఆయన మీ ఇంటి తలుపుకి తన కాగితం అంటించేస్తున్నాడు. ఇదేనా పెద్దమనిషి తరహా? నేను మీ తలుపు మీద గీత కూడా పడనివ్వలేదు. ఎంత శుభ్రంగా చూపించానో వీడియోలో చూశారుగా! ఈ ముసలాయన ఉన్నన్నాళ్ళూ ఈ కొండల్లో ఎవరి తలుపూ శుభ్రంగా ఉండదు. ఆ కాగితం పీకి పారేయమని మీరొక్క మాట చెప్పండి, నేనే పీకేస్తాను."

పంపేశాక ఊపిరి తీసుకుంది. హాయిగా అనిపించింది. ఆ హాయి వీధి దాటేంతవరకే ఉంది.

"ఏంటి బాబాయ్ ఇది? నా ఇంటి మీద నీ కాగితమేంటి?" అని వెనకనుంచే కేకేసింది.

గెంచో నోట్లోంచి టేపు తీసి, తిరిగి చూసి, "నీ ఇల్లా?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. తరవాత పక్కకి జరిగాడు.

తలుపు మీద దోనా అవ్వ ఉంది. తలగుడ్డ కట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి, పెరట్లో ఎక్కడో నిలబడి తీయించుకున్న ఫోటో. నల్లటి అంచు. "అమ్మా, నువ్వు లేక ఆరు నెలలు. నీ ఇంటి తలుపు తట్టే చెయ్యి నాది కాలేకపోయింది. నీ కూతురు స్వెత్లా." పాత నలభై రోజుల కాగితం చుట్టూ వానకి తడిసిన మరకలు. దాన్ని పీకకుండా పక్కనే కొత్తది అంటించాడు.

నెవెనా ఫోను తీసింది. పంపినదాన్ని చెరిపేద్దామనుకుంది. ఒక బొత్తానికి బదులు ఇంకో బొత్తాం నొక్కింది. చెరిపేయడంలో అంత నేర్పున్న వేలు! ఈలోపే నీలం గుర్తు పడిపోయింది. స్వెత్లా వినేసింది.

"ఉత్తరంలో రాసి పంపింది పాపం" అంటున్నాడు గెంచో, తన ధోరణిలో. "ఫోటో తనే ఏరింది. పట్నంలో అచ్చేయించి ఊళ్ళో ఏడుచోట్ల అంటించమంది. నలభై రోజులదీ నేనే అంటించాను. వాళ్ళ నాన్నవి ఎనిమిదేళ్ళుగా నేనే అంటిస్తున్నాను. అక్కణ్ణుంచి ఎగిరొచ్చి అంటించి పోవాలంటే పిల్లకి సెలవివ్వరు కదా."

ఎనిమిదేళ్ళు! ఇదన్నమాట మర్మం. ఎన్నిసార్లు గూఢచారిలా వెంటపడిందో, కమీషన్లు లెక్కగట్టిందో, స్నేహితురాలి చేత అబద్ధాలాడించిందో, ఆ మర్మం ఊళ్ళో ప్రతి తలుపు మీదా అచ్చుగుద్ది కనబడుతూనే ఉంది. తను ఇన్నాళ్ళూ ఫోటోల్లోంచి చెరిపేస్తూ వచ్చింది దాన్నే. సిగ్గుపడాల్సిన చోట నెవెనాకి ముందుగా కలిగింది అసూయే. ఎంత సుళువు! ఒక టేపు చుట్ట, ఒక రెక్సిను సంచి. ఇది నాకెందుకు తట్టలేదు?

ఫోను మోగింది. స్వెత్లా. వీడియో కాలు.

ఎత్తక తప్పలేదు. తెర మీద తెల్ల కోటు వేసుకుని, ఎవరింట్లోనో వంటగదిలో తలుపేసుకుని నిలబడ్డ యాభై ఏళ్ళ ఆడమనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నెవెనా గారూ, ఆ కాగితం నేనే పెట్టించాను" అంది.

"స్వెత్లా గారూ, నాకు తెలియక, వీపు అడ్డొచ్చి..."

"అది సరే. నిన్నటి మీ వీడియోలో మా అమ్మ ఏమైంది?"

నెవెనా ఫోనుని మొహానికి కాస్త దూరంగా జరిపింది.

"నలభై రోజులప్పుడు బాబాయ్ అంటించాడు. నేను చూళ్ళేదు. ఆయన ఫోనులో ఫోటోలు రావు కదా. నిన్న మీరు వీడియో పంపగానే నేను మీ గదులూ మీ కొలతలూ చూళ్ళేదండీ. తలుపు దగ్గరికి ఎప్పుడొస్తుందా అని చూశాను. వచ్చింది. తలుపుంది, అమ్మ లేదు. వెనక్కి తిప్పి తిప్పి చూశాను. గాలికి ఊడిపోయిందేమో, బాబాయ్ మర్చిపోయాడేమో అనుకున్నాను. రాత్రంతా ఆయన్ని తిట్టుకున్నాను. ఇప్పుడు మీరే చెప్పారు, శుభ్రం చేశానని."

"కొనేవాళ్ళు భయపడతారని..."

"భయపడేవాళ్ళకి నేను అమ్మను" అంది స్వెత్లా. తరవాత గొంతు తగ్గించి, "ఫోను అటు తిప్పండి. తలుపు చూపించండి" అంది.

నెవెనా తిప్పింది. తలుపు దగ్గరగా చూపించమంది స్వెత్లా, చూపించింది. ఇంకాస్త పైకంది, పైకెత్తింది. గెంచో టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. తెరలో స్వెత్లా శిలువ గీసుకుని, కోటు చేతితో ముక్కు తుడుచుకుని, చాలాసేపు తల్లి మొహంకేసి చూసింది. తరవాత "బాబాయ్, ఆ కుడి మూల లేస్తోంది" అంది. గెంచో గబగబా వెళ్ళి వేలితో నొక్కాడు. ఫోను పట్టుకున్న చేతులెవరివో ఇద్దరిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఈ కొండల్లో ఇంత స్పష్టంగా చూపించే ఫోను తనదొక్కటే. ఆ ఫోనుతో గెంచో గొప్పతనాన్ని వలెన్సియాదాకా తనే మోస్తోంది. ఎర్ర బొత్తాం మీద బొటనవేలు పెట్టింది. నొక్కేస్తే సిగ్నలు పోయిందనొచ్చు. నొక్కాలని ఎంతగానో అనిపించింది. నొక్కలేదు.

"బాబాయ్, ఇల్లు నువ్వే అమ్మిపెట్టు" అంది స్వెత్లా.

"నెవెనా దగ్గర మంచివాళ్ళున్నారమ్మా, డచ్చివాళ్ళు" అన్నాడు గెంచో. "నా దగ్గర ఎవరూ లేరు."

"ఆవిడ కొనేవాళ్ళని తెస్తే తేనీ, నాకేం అభ్యంతరం లేదు. ఆవిడకి రావాల్సింది ఆవిడకిచ్చెయ్యి. ఇల్లు మాత్రం నీ చేతిలో పెడుతున్నాను."

ఆరేళ్ళుగా వినాలని కాచుకున్న మాట. వినబడింది. తన ఫోనులోంచే వినబడింది, ఇంకొకరికి.

కాలు అయిపోయాక వెలీకా ప్లాస్టిక్ గిన్నెలు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. ఉడికించిన గోధుమల మీద పంచదార, బిస్కట్ పొడి, పైన ఒక వక్కపలుకంత చాక్లెట్టు. పోయినవాళ్ళ పేరుమీద పంచేది. కాదనకూడదు, ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ పోయినవాళ్ళ కోసం ఒకే మాట అంటారు. "దేవుడు క్షమించాలి" అని అందించింది. నెవెనా "దేవుడు క్షమించాలి" అని అందుకుని, గడప పక్క రాతి మీద కూర్చుని, చిన్న చెంచాతో తినడం మొదలుపెట్టింది.

"డచ్చివాళ్ళని గురువారం తీసుకురా" అన్నాడు గెంచో, ఆమె పక్కన చతికిలబడుతూ. "నువ్వే చూపించు. నాకు వాళ్ళ భాష రాదు."

"నువ్వేమీ జాలిపడక్కర్లేదు."

"జాలేంటి? అమ్ముడుపోవాలిగా."

"ఎనిమిదేళ్ళు ఈ పని చేస్తూ నాకొక్క మాట చెప్పలేదు. నీ ఆఫీసులో నేనున్నన్నాళ్ళూ!"

"నువ్వున్నప్పుడూ చేశాను. నువ్వే చూశావు. కాగితాలు దండగ, సిరా దండగ అనేదానివి" అన్నాడాయన, తింటూ. తరవాత మోకాలు పట్టుకుని, "సంచిలో టేపు ఇంకో చుట్టుంటుంది, తియ్యి. బస్టాపు దగ్గరా పైవీధిలోనూ మిగిలిపోయాయి" అన్నాడు.

విసురుగా సంచి లాక్కుంది. టేపు కోసం చెయ్యి పెడితే ఒక అట్ట తగిలింది. అట్టలో నెలలవారీగా సర్దిన కాగితాలు. మే నెలవి అయిదారు. ఎవరెవరి ఇళ్ళు ఈ ముసలాయన చేతికి రాబోతున్నాయో తెలుసుకుందామన్న దురాశ ఒకటి, ఇంతైనా చావలేదు. తిప్పింది. జూను నెలలో మొదటి కాగితం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

బస్సు డ్రైవరు టోపీ పెట్టుకుని, కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి నవ్వుతున్న మనిషి. "స్టోయ్‌కో. నువ్వు లేక అయిదేళ్ళు." కింద భార్య పేరు, కూతురి పేరు. కూతురి పేరు నెవెనా.

తన తండ్రి.

ఏటా జూను తొమ్మిదిన ఆమె తండ్రి ఫోటో కొవ్వొత్తి బొమ్మతో సహా ఫేస్‌బుక్‌లో పెడుతుంది. రెండు వందల పైచిలుకు దండాలు వస్తాయి. అందరికీ జవాబిస్తుంది. తల్లి ఉండే మేడ గుమ్మానికి కాగితం ఉండటం కూడా ఆమె చూసింది. అంత్యక్రియలు చేసిన కంపెనీవాళ్ళే ఏటా అంటిస్తారనుకుంది. తన ఫోనుకి ఏటేటా గుర్తుచేసే సందేశం దానంతటదే వచ్చినట్టు, అది కూడా ఎక్కణ్ణుంచో దానంతటదే వస్తుందనుకుంది. ఎవరు పెట్టారని ఎప్పుడూ అడగలేదు.

"మీ అమ్మే చెప్పింది" అన్నాడు గెంచో, నేలకేసి చూస్తూ. "నీకు కాగితాలు గిట్టవు కదా అని."

నెవెనా ఆ కాగితం అట్టలోంచి లాగేసింది.

"దానికి ఇంకా మూడు వారాలుంది అమ్మాయ్."

"నా దగ్గరుంటుంది" అంది, లేచి.

ఆయన వద్దనలేదు. టేపు చుట్ట తీసుకుని, సంచి చంకలో పెట్టుకుని బస్టాపు వైపు నడిచాడు. దారిలో ఒకావిడ గేటు తీసుకుని వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నెవెనా కారులో కూర్చుని తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, నాన్న కాగితం అంటించమని గెంచోని అడిగావా?"

"నేనెక్కడ అడిగాను, అతనే అడిగాడు. ఏటా మే నెలలో ఓసారి వస్తాడు, ఈసారి ఏ ఫోటో వేయిద్దాం వదినా అని."

"నాకెందుకు చెప్పలేదు? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు? నాకూ ఆ మనిషికీ పడదని తెలుసుగా!"

"పడకపోవడం నీకు. అతనికి నువ్వంటే పడుతుంది. వచ్చినప్పుడల్లా అడుగుతాడు."

"ఈ ఏడు నేను అంటిస్తాను. కాగితం నా దగ్గరే ఉంది. వచ్చే ఏడూ నేనే. అతన్నిక రావద్దని చెప్పు."

అవతల కుళాయి కట్టేసిన శబ్దం వినబడింది.

"నువ్వంటించు, తల్లీ. ఎవరొద్దన్నారు? గెంచోని మాత్రం రావద్దని నేను చెప్పను" అంది తల్లి. "మీ నాన్న గురించి కూర్చుని మాట్లాడే మనిషి ఏడాదికొక్కసారి నా ఇంటికొస్తాడు. అది కూడా లేకుండా చెయ్యకు."